ఆటి నెలలో ఇల్లు చూడబోయిన ఉమానాథ

ఉడుపి పక్క తుళునాట, కటపాడి దగ్గర ఏరు దాటాక ఎడమచేతి వైపు ఒక ఎర్రమట్టి దారి దిగుతుంది. దాని చివర పెంకుటిల్లు ఉంది. పగలు చూస్తే వంక పెట్టడానికి ఏమీ ఉండదు. ముందు తులసికోట, వెనక మిరియపు తీగ పాకిన పోకచెట్లు, పక్కన మంచినీళ్ళ బావి. చీకటి పడితే మాత్రం ఆ దారిన ఎవరూ పోరు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఏ వేళప్పుడైనా ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళు సైతం అక్కడికొచ్చేసరికి దారి వదిలి పొలం గట్టున పోతారు.

ఇంట్లో మనుషులు లేరు. అయినా అడుగుల చప్పుడు వస్తుందట — గజ్జెలు కట్టుకుని పసిపిల్ల పరిగెత్తినట్టు. అది పాత మాట. తర్వాత్తర్వాత విన్నవాళ్ళు ఇంకో మాట అన్నారు. ఆ అడుగులు ఏటికేడాది బరువెక్కుతున్నాయని... లోపల ఎవరో పెరిగి పెద్దవుతున్నట్టుందని.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనిది ఉమానాథ కోట్యాన్ ఒక్కడికే. అతను మనుషుల్ని అడగడు, గోడల్ని అడుగుతాడు.

ఈ కథ అతను చెప్పగా విన్నదే. చెప్పినంతసేపూ తనను తాను "ఆ వెధవ" అనే పిలుచుకున్నాడు. కాదనడానికి వినేవాళ్ళకు ఎక్కడా సందు దొరకలేదు.

ఉమానాథ మల్పె రేవులో పడవల సర్వేయరు. ఇన్సూరెన్సు వాళ్ళు పడవకు పాలసీ ఇచ్చే ముందు ఇతను వెళ్ళి చెక్కను వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి, ఎక్కడ పుచ్చిందో ఎక్కడ గట్టిగా ఉందో చెప్పాలి. ఆ పనిలో అతనికి మంచి పేరుంది. పడవ సొంతదారు అబద్ధం చెప్తాడు గానీ చెక్క చెప్పదని అతని నమ్మకం. చివరికి ఆ నమ్మకం ఒళ్ళంతా పట్టేసింది. హోటల్లో బల్ల తట్టి కూర్చునేవాడు. కొబ్బరిబోండం సరే, పుచ్చకాయ సరే, బస్సు కిటికీ కూడా తట్టేవాడు. మనుషులు పలకరిస్తే మాత్రం "ఊఁ" అని ఊరుకునేవాడు.

అలాంటివాడికి పెళ్ళి కుదిరింది. కార్కళలో టీచరుగా చేసే ప్రతిభ ఎందుకో మరి అతన్ని ఒప్పుకుంది. ఆ వైపున పిల్ల విషయంలో తండ్రి కంటే మేనమామ మాటకే బరువెక్కువ. ఆ మేనమామ ఒకటే మాటన్నాడు.

"అద్దె కొంపలోకి మా పిల్లను పంపను బాబూ. ఇల్లు కొనుక్కో, పిల్లను తీసుకుపో. దసరాకల్లా తేల్చకపోతే బ్రహ్మావరలో సంబంధం ఒకటుంది, మేం అటు చూసుకుంటాం."

ఉమానాథ ఇళ్ళు చూడటం మొదలుపెట్టాడు. ఒకదాంట్లో వంటింటి గోడ బోలుగా మోగిందని వద్దన్నాడు. ఇంకోదాని పెరట్లో కొబ్బరిచెట్టు ఇంటివైపు ఒరిగిందని వద్దన్నాడు. మూడోదానికి ఏ లోపమూ దొరకలేదు. ఏ లోపమూ లేకుండా ఎందుకు అమ్ముతున్నారని అనుమానం వచ్చి దాన్నీ వద్దన్నాడు. ప్రతిభ ఫోనులో నవ్వింది.

"పెళ్ళిచూపుల్లో నన్ను తట్టి చూడలేదేం?"

"ఊఁ."

"దసరా దగ్గరకొస్తోంది ఉమానాథా. మామయ్య మాట తప్పే మనిషి కాదు. నాకు బ్రహ్మావర వెళ్ళాలని లేదు."

ఆ మాట అతనికి గుండెలో ముల్లులా దిగింది. ప్రతిభ అంటే అతనికి ప్రాణం. ఆ మాట ఆమెకు చెప్పాలని తోచలేదు, అంతే.

అప్పుడు దొరికింది ఏటి దాపునున్న పెంకుటిల్లు. బ్రోకరు పగలు తీసుకెళ్ళి చూపించాడు. గోడలు కంచులా మోగాయి. వాసాలు గట్టివి. బావి నీళ్ళు తీపి. అమ్మేది దూమప్ప అనే పెద్దాయన, ఆయన భార్య ముత్తక్క. వాళ్ళు ఉడుపిలో కొడుకు దగ్గరుంటున్నారు. ధర చూస్తే ఎవరైనా కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూడాల్సినంత తక్కువ. ఇంత తక్కువెందుకని వాళ్ళనే అడిగితే సరిపోయేది. ఉమానాథ అడగలేదు. అతనికి సొంత పద్ధతులున్నాయి. ఇల్లు వానలో చూడాలి, రాత్రి చూడాలి, చెప్పకుండా వెళ్ళి చూడాలి. కారే ఇల్లు వానలోనే బయటపడుతుంది.

వానలంటే ఆటి నెలే. అందుకని ఆటి నెలలో ఒక రాత్రి ఎంచుకున్నాడు. తుళునాట పుట్టి పెరిగినవాడు చేయాల్సిన పని కాదది. తర్వాత అతనే ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం గొడుగు దులుపుతుంటే ఇంటి ఓనరమ్మ జలజక్క గుమ్మంలోకి వచ్చింది. కొత్త చీర కట్టింది, తలలో మల్లెలున్నాయి. వెనక ఆమె భర్త సంజీవన్న ఇస్త్రీ పంచె ఎగ్గట్టుకుని నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఉమానాథ ఆరేళ్ళుగా ఒక వాటాలో అద్దెకుంటున్నాడు.

"ఉమానాథా, ఈ రాత్రి మేం ఉండం. పెళ్ళికి పోతున్నాం."

"ఊఁ."

"నిన్ను పిలవడానికి లేదు. ఏమనుకోకు నాయనా."

"ఊఁ."

ఆమె ఇంకేదో అడుగుతాడేమోనని కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయింది. పక్కింటి చిన్నపిల్లాడైనా అడిగేవాడు — ఆటి నెలలో పెళ్ళేమిటత్తా అని. మన ఆషాఢంలాగే అది ముహూర్తాలు లేని నెల. మంచి పని ఒక్కటీ తలపెట్టరు. ఉమానాథ బుర్రలో మాత్రం పెంకుల సందులు తప్ప ఇంకేమీ లేవు. భోజనానికి ఒక మనిషి ఎక్కువైతే ఏమొచ్చిందని మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

ఆటోవాడు వంతెన మీదే ఆపేశాడు.

"ఇక్కడే దిగు అన్నా."

"ఇంకా ముందుకు పోవాలి. ఎర్రమట్టి దారి."

ఆటోవాడు వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూశాడు.

"ఆ ఇంటికా... ఈ నెలలోనా? డబ్బులు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, దిగు."

మనుషులకు పిరికితనం ఎక్కువని జాలిపడి ఉమానాథ దిగాడు. వాన సన్నగా పడుతోంది. ఫోను లైటు వెలుగులో బురద తొక్కుకుంటూ నడిచాడు. కప్పల అరుపు చెవులు దిబ్బెళ్ళు వేసేటట్టుంది. అయితే ఇల్లు దగ్గరయ్యేకొద్దీ ఆ అరుపు తగ్గుతూ వచ్చింది... తగ్గి, తగ్గి... పెరటి గోడ దగ్గరికొచ్చేసరికి ఒక్క కప్ప కూడా లేదు.

లైటు ఆర్పేశాడు. చెప్పకుండా చూడటమంటే చెప్పకుండానే చూడాలి కదా.

వెనక చూరు కింద నిలబడి చెయ్యి చాపాడు. చుక్క పడలేదు. గోడ తడిమాడు, పొడిగా ఉంది. సంతోషంతో వేలి కణుపులతో తట్టాడు — టక్, టక్.

లోపల్నుంచి... టక్.

ఉమానాథ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గోడలు బాగా మోగుతాయి గానీ ఇంత బాగా మోగవు. చెవి ఆనించి విన్నాడు. లోపల గుసగుసలు — ఒకరివి కావు, చాలామందివి. ఎవరూ గొంతు పెంచడం లేదు. ఆ గుసగుసల మధ్య ఒక వాసన కూడా వచ్చింది. కొబ్బరి వేయించి పెట్టిన కోడికూర. అతనికి ముందు భయం వేయలేదట, ఆకలేసిందట. తాళం వేసిన ఇంట్లో కోడికూర ఎవరు వండుతారన్న ప్రశ్న తర్వాత వచ్చింది. అది వచ్చాకే భయం వేసింది.

కిటికీ తలుపు కొంచెం ఓరగా ఉంది. కన్ను పెట్టి చూశాడు.

నడింట్లో ఒకే ఒక దీపం. చుట్టూ జనం, అందరూ ఇటు వీపులు పెట్టి కూర్చున్నారు. మధ్యలో రెండు పీటలు. ఒక పీట మీద మడత పెట్టిన పంచె, పైన తలపాగా. రెండో పీట మీద ఎర్ర చీర, గాజులు, మల్లెదండ. పీటల మీద మనుషులు లేరు... చీర పక్కన ఒక ముసలామె కూర్చుని దువ్వెనతో గాలిని దువ్వుతోంది. నుదుటి దగ్గర మొదలుపెట్టి, నిదానంగా, చిక్కు తగిలితే ఆగి... మళ్ళీ దువ్వుతోంది.



"మొదలుపెట్టే ముందు ఒకసారి చూసుకోండి," ఒక పెద్దాయన గొంతు తగ్గించి అన్నాడు. "పిల్లలుగానీ పెళ్ళికానివాళ్ళుగానీ ఎవరూ లేరు కదా? ఇది వాళ్ళ కంట పడకూడదు. పడితే వాళ్ళ పెళ్ళి ఆగిపోతుంది."

అప్పుడు అర్థమైంది అతనికి. పెళ్ళీడు రాకుండా పసితనంలో పోయిన పిల్లలు ఆ లోకంలో కూడా పెరుగుతారని ఆ వైపు వాళ్ళ నమ్మకం. ఈడొచ్చాక వాళ్ళకూ సంబంధం వెతుకుతారు. పోయిన పిల్లకు పోయిన పిల్లవాణ్ణి చూసి, మాటలు అనుకుని, ఆటి నెలలో ఒక రాత్రి పెళ్ళి చేసి అత్తారింటికి పంపిస్తారు. ఉమానాథ చిన్నప్పుడు అలాంటి ఒక రాత్రి మేనత్త ఇంట్లో తలుపేసి పడుకోబెడితే గోల చేశాడు కూడా.

దెయ్యం భయం పోయింది. దాని చోటులోకి అంతకంటే పెద్దది వచ్చి కూర్చుంది. తను పెళ్ళికానివాడు. చూసేశాడు. దసరా, మేనమామ, బ్రహ్మావర, ప్రతిభ — అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇప్పుడు మూస్తే ఏం లాభమని తనే తనను తిట్టుకున్నాడు. కళ్ళు మూసుకునే వెనక్కి అడుగులేశాడు.

వెనక బట్టలుతికే బండ ఉంది. బండ మీద ఇత్తడి బిందె ఉంది.

బిందె పడ్డ చప్పుడు ఏరు దాటి వినిపించి ఉంటుంది. ఉమానాథ దాని మీద పడ్డాడు. లోపల గుసగుసలు టక్కున ఆగిపోయాయి.

తర్వాత లోపల్నుంచి ఎవరో అన్నారు, "వచ్చినట్టుంది."

పెరటి తలుపు తెరుచుకుంది. చేత్తో దీపం పట్టుకుని, ఇల్లు అమ్ముతున్న ముత్తక్క గడపలో నిలబడింది. ఇతను బండ వెనక నక్కాడు. ఆమె చీకటివైపు చూడలేదు. వచ్చినవాళ్ళ మొహంలోకి చూడకూడదట. దీపం కింద పెట్టి, తల పక్కకు తిప్పుకుని గడప మీద కూర్చుంది.

"వనజా," అని పిలిచింది. "వచ్చావా తల్లీ?"

వాన పడుతోంది.

"వచ్చావో లేదో తెలియకుండా ఎలా మొదలుపెట్టమంటావు? నీకు రెండేళ్ళప్పుడు జ్వరంతో నా ఒళ్ళోనే కదా పోయావు. అప్పట్నుంచి నీ గొంతు వినలేదు. ఒక్కసారి పలుకు. ఇల్లు అమ్మేస్తున్నామని కోపమా? నిన్ను ఇక్కడ ఒక్కదాన్నే వదిలి ఎవరికో అమ్ముతానా నేను? నీకొక ఇల్లు చూశాకే కదా అమ్ముతోంది. వచ్చావా అమ్మా?"

ఉమానాథకు ఏమైందో ఇప్పటికీ తెలియదు. ఎవరేం అడిగినా ఒకటే జవాబిచ్చే అలవాటు అతనిది. ఆ అలవాటే నోట్లోంచి బయటికొచ్చింది. భయంతో గొంతు సన్నబడి, వానలో తడిసి ముక్కు మూసుకుపోయి —

"ఊఁ."

ముత్తక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎన్నాళ్ళుగానో దాచుకున్న ఏడుపది. బండ వెనక ఉమానాథకు కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చెప్పడానికి సిగ్గుపడ్డాడు గానీ. ఇక ఆ క్షణాన లేచి, అమ్మా నేను ఇల్లు కొనేవాణ్ణి అని చెప్పే దమ్ము ఎవరికుంటుంది?

ఆమె కళ్ళు తుడుచుకుని తల్లులు అప్పగింతలప్పుడు చెప్పే మాటలు మొదలుపెట్టింది.

"ఇల్లు నేనే వెళ్ళి చూశాను, నీ నాన్న మాట నమ్మలేదు. ముందు పెద్ద పనసచెట్టుంది. గాలీ వెలుతురూ ఉన్నాయి. బావి గిలక కాస్త కీచుమంటుంది, నూనె వేయించమని చెప్పాను."

బండ వెనక ఉమానాథ చెవులు రిక్కించాడు. అతనుండే ఇంట్లోనూ పనసచెట్టుంది. పనసచెట్లు ఎక్కడైనా ఉంటాయి. గిలకలు ఎక్కడైనా కీచుమంటాయి.

"మామగారు నెమ్మదస్తుడు. అత్త మాట పెళుసు గానీ మనసు మంచిది. వాళ్ళ పిల్లాడు ఊయలలోనే పోయాడట, నీ ఈడువాడే. వాడికని ఒక గది ఎప్పట్నుంచో తాళం వేసి అట్టే పెట్టారు. ఇకమీదట అది మీ ఇద్దరిది."

ఉమానాథ వాటాకు ఆనుకుని ఒక గది ఉంది. దానికి తాళం ఉంది. ఆరేళ్ళుగా అందులో ఏముందని అతను ఎవర్నీ అడగలేదు.

"ఒక్కటే సంగతి," ముత్తక్క ఇంకాస్త గొంతు తగ్గించింది. "మీ గది పక్క వాటాలో ఒకడు అద్దెకుంటాడు. కాస్త పిచ్చివాడట. రాత్రుళ్ళు గోడలు తడుతూ ఉంటాడట. నువ్వు భయపడకు. ఏమీ చెయ్యడు."

లోపల్నుంచి ఇంకో గొంతు అందుకుంది. అది జలజక్క గొంతు.

"వాడు మంచోడేలే ముత్తక్కా. ఇన్నేళ్ళలో గోడలతో తప్ప ఎవరితోనూ మాట్లాడగా చూడలేదు. కోడలికి వాడివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. పద, చీర కట్టుకోవడానికి పిల్లకు టైమివ్వాలి."

తలుపు మూసుకుంది. ఎదురుచూస్తున్న కప్పలు మళ్ళీ అందుకున్నాయి. ఉమానాథ ఇంటికి వెళ్ళలేదు. ఏ ఇంటికని వెళ్తాడు? ఇదేమో పెళ్ళిల్లు, అదేమో అత్తారిల్లు. తెల్లారేదాకా వంతెన పక్క బస్సు షెల్టరులో కూర్చున్నాడు.

ఆ వారంలోనే అడ్వాన్సు ఇచ్చేశాడు. గోడ తట్టలేదు, వాసాలు చూడలేదు. దెయ్యం లేదని అంత గట్టిగా తెలిసిన ఇల్లు ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదని అతని లెక్క. దూమప్ప తాళాలు చేతికిస్తుంటే ముత్తక్క పక్కకు పిలిచింది.

"నీతో చెప్తే తప్పులేదులే, ఇంటివాడివి కాబోతున్నావు. మా అమ్మాయి ఈ పెరట్లోనే పలికింది, నేను నా చెవులతో విన్నాను."

"అలాగా," అన్నాడు ఉమానాథ. ఊఁ అనడానికి ధైర్యం చాల్లేదు.

"గొంతు మాత్రం బాగా లేదు పాపం. వానలో వచ్చింది కదా, జలుబు చేసినట్టుంది."

ప్రతిభకు మాత్రం అంతా చెప్పాడు. తను చూడకూడనిది చూశాడని, ఇక తన పెళ్ళి కాదేమోనని తల దించుకుని చెప్పాడు. ఆమె నవ్వి నవ్వి కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"చూసినవాళ్ళకు కాదంటారు. పెళ్ళికూతురి బదులు పలికినవాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. అయినా పెళ్ళి కాదని భయమేసిందా నీకు?"

"వేసింది. చాలా భయమేసింది. నువ్వు లేకపోతే నాకు ఏ ఇల్లయినా ఒకటే."

అతను అంత పొడుగు మాట మాట్లాడటం ఆమె అదే మొదటిసారి వినడం. పెళ్ళి దసరా ముందే జరిగింది.

ఇల్లు కొనేముందు ఏమేం చూడాలని ఇప్పటికీ రేవులో కుర్రాళ్ళు ఉమానాథను అడుగుతారు. పేరున్న సర్వేయరు కదా. అతను గోడల ఊసే ఎత్తడు. "ముందు పక్కవాళ్ళను అడుగు. అమ్మేవాళ్ళను అడుగు. అన్నిటికంటే ముందు, ఇప్పుడు నువ్వుంటున్న ఇంట్లో ఎవరెవరున్నారో అడిగి తెలుసుకో" అంటాడు. నవ్వుతూనే అంటాడు గానీ, అద్దె వాటా ఖాళీ చేసిన రోజు సంగతి అడిగితే మాత్రం నవ్వు ఆపేస్తాడు.

ఆ సాయంత్రం జలజక్క వాళ్ళు గుడికి వెళ్ళారు. ఇంట్లో ఎవరూ లేరు. సామాను ఆటోలోకి చేరింది. చివరగా గోడకున్న అద్దం తీస్తూ, అలవాటు కొద్దీ, తాళం వేసిన గదివైపు గోడను తట్టాడు — టక్, టక్.

లోపల గాజులు కదిలాయి.

ఆ తర్వాత గోడకు అవతలివైపు, సరిగ్గా అతని చెయ్యి ఉన్నచోట... టక్, టక్.

భయం లేకుండా, తీరిగ్గా కొట్టిన చప్పుడది. భయపడొద్దని తల్లి చెప్పి పంపింది కదా. ఉమానాథ చేతిలోని అద్దం కింద పెట్టేశాడు. అయినా పరిగెత్తలేదట. ఆరేళ్ళు ఉన్న ఇంట్లోంచి ఒక్క మాటైనా అడగకుండా పోతే బాగుండదనిపించిందట. గోడకు దగ్గరగా నోరు పెట్టి మెల్లగా అడిగాడు.

"ఇక్కడ అంతా బాగుందా అమ్మా?"

తర్వాత గోడలోంచి సన్నగా, జలుబు చేసిన గొంతు ఒకటి పలికింది.

"ఊఁ."